గోదారిల కోసిడిసిన వల

పోశవ్వ ఎండకాలమంత కూసొని అల్లిన వల అది. జనుము దారం తనే వడికింది, తనే ముళ్లేసింది, దారం చీకకుండ తుమ్మచెక్క ఉడికిన నీళ్లల్ల నానేసింది. లక్సెట్టిపేటకు దిగువన గోదారి బండల నడుమ ఇరుకై ఉరికే కాడ, పెనిమిటి రాయమల్లు గుంజలు పాతి దాన్ని కట్టిండు.

పందొమ్మిది వందల అరవై ఆరుల, దసరా పోయినంక, ఆ బండల నడుమనే పట్నం క్లబ్బోళ్లు పడవల పందెం పెట్టిన్రు. నాలుగు దేశాల నుంచి దొరలొచ్చిన్రు. ఒక్క మనిషి కూసునేటంత సన్నటి పడవలు, రెండు కొసలకు రెక్కలున్న తెడ్లు. ఒక్కొక్కన్ని పైనుంచి ఇడుస్తరు. సుడులు దాటి కింది జెండా కాడికి ఎవడు జల్ది వస్తే వాడు గెలిచినట్టు.

పందెం నాడు పొద్దుగాల వల చూద్దామని పోతే గుంజలకు కోసిన కొసలే ఏలాడుతున్నయి. పోశవ్వ సీదా డేరాల కాడికి నడిసింది. క్లబ్బు సెక్రటరీ దశరథం డేరా ముందట కుర్చీల కూసొని చాయ్ తాగుతుండు.

"నా వల ఏది?"

"అడ్డమున్నది, కోసి నీళ్లల్ల ఇడిపించిన. తీయమని మీ ఊరి పటేల్‌కు ముందే చెప్పినం."

"పటేల్ మాకు చెప్పలే!"

రాయమల్లు దండం పెట్టిండు. "సార్, ఇడిసిన వల యాడికి పోదు, కింది బండలకు తట్టుకుంటది. ఎవలన్న చిక్కితే పానం పోతది. జర పందెం ఆపుండ్రి, నేను దిగి తీస్త."

"నాకు చెప్పొచ్చినవా? జరుగు."

పోశవ్వ పండ్లు కొరుక్కుంట ఒడ్డుకు నిలబడ్డది. రెండు పడవలు బాగనే పోయినయి. మూడోది చెకోస్లొవేకియా పిలగానిది. కింది బండ కాడ పడవ ఒక్కసారి ఆగినట్టయి బోర్ల పడ్డది. మనిషి పైకి తేలలే. డేరాలకెళ్లి ఒక్కలు కదలలే. రాయమల్లు కత్తి నోట కరుచుకొని దుంకిండు. మునిగిండు, తేలిండు, మల్ల మునిగిండు. ఆయన కోసిన వల ముక్కలు ఒక్కొక్కటే కొట్టుకుపోతుంటే పోశవ్వ చూసుకుంటనే ఉన్నది. ఆఖరికి పిలగాన్ని జుట్టు పట్టుకొని ఒడ్డుకు గుంజుకొచ్చిండు.

పిలగాడు నీళ్లు కక్కి లేసి కూసున్నడు. కాలికి చుట్టుకున్న వల పేలికను ఇప్పిండు. పైన గుంజలకు ఏలాడుతున్న కోసిన కొసల దిక్కు చూసిండు. ఆ పేలికను సెక్రటరీ మొఖం ముందట పెట్టి తన భాషల గట్టిగ అరిచిండు.

"క్లబ్బుకు థాంక్స్ చెప్తుండు," అన్నడు దశరథం చుట్టున్నోళ్లతోని.

"థాంక్స్ చెప్పెటోని మొఖం గట్లుంటదా?" పోశవ్వ ముందటికొచ్చింది. "కండ్లు నిప్పులైతున్నయి. నిన్నే అడుగుతుండు, గింత అబద్ధమా?"

దశరథం కాయితం రాయించి రాయమల్లు ముందట పెట్టిండు. చెప్పినా రాయమల్లు వల తీయలేదని, తప్పు ఆయనదేనని అందుల ఉన్నది. "వేలిముద్ర వెయ్. లేకుంటే పోలీసోళ్లను పిలుస్త."

తడిసి వణుకుతున్న రాయమల్లు వేలు చాపిండు. పోశవ్వ కాయితం గుంజుకొని పర్రున చింపింది.

"పిలువు! ఎవలు కోసిన్రో వాళ్లకు నేనే చెప్త. నా మొగడు నీ పరువు కోసం దుంకలే, మనిషి పానం కోసం దుంకిండు!"

పోలీసులు రాలే. పిలిచే ధైర్యం దశరథానికి లేకపోయె. పొద్దుగూకకముందే గెలిచినోళ్లకు కప్పులిచ్చిన్రు, చప్పట్లు కొట్టిన్రు, డేరాలు పీకిన్రు. రాయమల్లు పేరు ఒక్కలు తియ్యలే. వల లేక ఆ చలికాలమంత ఆయన సడక్ పనికి పోయి కంకర కొట్టిండు.

మరుసటేడు క్లబ్బోళ్లు మల్ల వచ్చిన్రు. ఏ బండ కాడ తోవ ఉన్నదో రాయమల్లును చూపెట్టుమన్నరు. పోశవ్వ గడప దాటనియ్యలే.

"ఆయన రాడు," అన్నది. "మా వల కోసిన కత్తి మీ కాడనే ఉన్నది గద. దాన్నే అడుగుండ్రి తోవ."