పంచర్ షాపు గాలి

మంజుష భీమవరంలో ఇంటర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. పెళ్ళయి ఎనిమిది నెలలు. ఈ ఎనిమిది నెలల్లో మామగారు విశ్వనాథరాజు గారిని బతిమాలి, వాదించి, చివరికి రెండు పూటలు అన్నం మానేసి అలిగి, రెండెకరాల చేపల చెరువు తన చేతికి తెచ్చుకుంది. ఆయన ఒక్క మాటే అన్నారు.

"తొలిసారి వేసిన చేపపిల్ల బతికితే చెరువు నీదమ్మా. పోయిందా, మళ్ళీ చెరువు గట్టు ఎక్కనని మాటివ్వు."

ఇచ్చేసింది. అందుకే ఆ రోజు సెలవు పెట్టి, ధవళేశ్వరం అవతల ఓ హేచరీలో ఇరవై కవర్ల శీలావతి చేపపిల్లను వేన్లో వేయించుకుని వస్తుంటే ఆమె కాళ్ళు నేల మీద లేవు. వేను నడుపుతున్నది మొగుడు ప్రవీణ్. కవరుకి వెయ్యి చేపపిల్లలు. కింద మూడో వంతు నీళ్ళు, పైన రెండొంతులు ఆక్సిజన్, మూతికి రబ్బరు బ్యాండు. ఇంతే సరంజామా. కాకపోతే మన చెరువులవాళ్ళెవరూ దాన్ని ఆక్సిజన్ అనరు, గాలి అంటారు. "గాలి పట్టించావా?" "ఆ, పట్టించా." కొంప ముంచింది ఆ మాటే.

రావులపాలెం సెంటర్ దగ్గరపడుతుండగా ప్రవీణ్ మీసం దువ్వుకున్నాడు.

"నువ్వు టిఫిన్ తింటున్నప్పుడు ఏమైందో తెలుసా మంజూ? హేచరీలో సిలిండర్ అయిపోయింది. రేపు రమ్మన్నారు. నేను ఊరుకుంటానా? ఎదురుగా పంచర్ షాపు ఉంది. కవర్లన్నీ అక్కడికి మోయించి గాలి కొట్టించేశాను!"

మంజుష చటుక్కున అతని వైపు తిరిగింది. "ఏ గాలండీ?"

"గాలేంటి, గాలే! టైర్లలో కొట్టేది."

"అయ్యో నా రాత!" అంటూ ఆవిడ పెన్ను తీసి అరచేతి మీద లెక్క మొదలెట్టింది. మొత్తం పీడనం 760 మిల్లీమీటర్లు. అందులో నీటి ఆవిరిది 32 తీసేస్తే 728. మామూలు గాలిలో ఆక్సిజన్ నూటికి ఇరవై ఒక పాళ్ళు. అంటే 153.

"సిలిండర్‌దైతే 728కి 728 ఆక్సిజన్‌దే అయ్యేది. అయిదో వంతుకి దింపేశారు కదండీ మహానుభావా!"

"కవర్లు బాగానే ఉబ్బున్నాయి కదే?"

"ఉబ్బితే? ఏ వాయువు పీడనం దానిదే. పక్కనున్న నైట్రోజన్ ఎంత నొక్కినా ఆక్సిజన్ వాటా పెరగదు. పది గంటలు ఆగాల్సిన పిల్ల రెండు గంటలు ఆగితే గొప్ప. గంట అయిపోయింది. ఇంటికి ఇంకా గంటంబావు!"

ప్రవీణ్ మీసం మీంచి చెయ్యి తీసేశాడు. సరిగ్గా అప్పుడే ముందు బ్యాండు మోత. చర్చికి పెళ్ళికొడుకును ఊరేగిస్తున్నారు. రోడ్డు నిండా జనం, డాన్సులు. వేను ఆగిపోయింది.

మంజుష వెనక్కి వెళ్ళి చూస్తే, పిల్లంతా పైకి వచ్చేసి నోళ్ళు తెరుస్తోంది. ఊరేగింపు అవతల వెల్డింగ్ షాపు, గుమ్మంలో ఆక్సిజన్ సిలిండర్. ఇంకేం ఆలోచించలేదు. చెప్పులు వదిలేసి జనంలోకి పరిగెత్తింది.

"దారివ్వండి బాబూ! పిల్లలకి ఊపిరాడట్లేదు! ఆక్సిజన్ కావాలి!"

బ్యాండు టక్కున ఆగింది. ఆడవాళ్ళు గుండెల మీద చేతులు వేసుకున్నారు.

"ఎంతమంది పిల్లలమ్మా?"

"ఇరవై వేలండీ!"

"పాపం, మతి పోయినట్టుంది," అన్నారెవరో. పెళ్ళికొడుకు విజయ్ పాల్ కారు దిగి, కోటు విప్పి పారేసి, వెల్డింగ్ షాపు జీవరాజుతో కలిసి సిలిండర్ దొర్లించుకుంటూ వచ్చేశాడు. ప్రవీణ్ టార్పాలిన్ ఎత్తాడు. అందరూ తొంగిచూశారు.

"పిల్లలేరమ్మా?" అన్నాడు జీవరాజు.

"ఇవేనండి," అంది మంజుష, తల దించుకుని.

సిగ్గుతో చచ్చిపోయిందనుకోండి. పెళ్ళికొడుకు అమ్మమ్మ జ్ఞానమ్మ మాత్రం కళ్ళజోడు సర్దుకుని ఓ కవరును రెండు చేతులా ఎత్తుకుంది. "నోళ్ళెలా తెరుస్తున్నాయో చూడండర్రా! పిల్లలు కాక మరేంటి? పట్టండి, చూస్తారేం?"

అంతే, జనం వేను మీద పడ్డారు. బ్యాండ్‌వాళ్ళు బాకాలు కింద పెట్టారు. మంజుష వేనెక్కి క్లాసు చెప్పినట్టే అరిచింది. "ముందు పాత గాలి నొక్కి తీసేయండి! నైట్రోజన్ పోవాలి! తర్వాతే ఆక్సిజన్!"

"నైట్రోజన్ పో!" అన్నాడు డప్పతను, ఓ దెబ్బ వేసి.

"పో! పో!" అంది పెళ్ళివారి గుంపంతా. పట్టుచీరలు తడిసిపోయాయి, ఎవరికీ పట్టలేదు. ఒక్కో కవరు చప్పబడుతోంది, గొట్టం దూరుతోంది, బుస్సున నిండుతోంది, రబ్బరు బ్యాండు పడుతోంది. ప్రవీణ్ కవరు కవరుకీ "సారీ మంజూ" అంటున్నాడు. ఆవిడకి కోపం రావడం లేదు, నవ్వొస్తోంది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటోంది.

పంతొమ్మిది కవర్లలో పిల్ల అడుక్కి దిగి చకచకా తిరిగింది. జ్ఞానమ్మ ఒళ్ళోని ఆఖరి కవరులో మాత్రం వెల్లకిలా తేలుతున్నాయి. జీవరాజు ఆక్సిజన్ నింపాడు. ఏం కదల్లేదు. మంజుష ఆ కవరునే చూస్తూ కూర్చుంది.

ఒకటి తోక ఆడించింది. దాని పక్కది బోర్లా తిరిగింది. చూస్తుండగానే కవరంతా కలబడినట్టు కదిలింది.

"బతికాయే!" అంది జ్ఞానమ్మ, మంజుష వీపు చరిచి. "నువ్వు కూడా కాస్త ఊపిరి పీల్చుకోవే తల్లీ!"

మంజుష గట్టిగా పీల్చుకుంది. పీల్చుకుని, నడిరోడ్డు మీద అంతమందిలో, "చెరువు నాదే!" అని అరిచింది.