వరుస చివర

"మన సంఘం వాళ్లెవరైనా చూస్తే ఏమంటారే? ఏడాది తిరగలేదు, అప్పుడే డాన్సులకి బయల్దేరిందంటారు. ఆ గచ్చు మీద జారి నడుం విరిగితే ఎవరు చూస్తారు?" అన్నాను.

సలోమి జడ అల్లుకుంటూనే ఉంది. అల్లుడు జ్ఞానశేఖర్ పోయాక నా కూతురు బడికెళ్లి పాఠాలు చెప్పి వచ్చేది, పెడితే తినేది. అంతే. తనతో పనిచేసే మేబెల్ వస్తే తప్ప నోరు విప్పేది కాదు. ఆ మాటలు కూడా ఆగిపోతాయేమోనని నాకు భయం. బయటికి పంపాలన్నా భయమే.

"ఏం పరేషాన్ కాకుండ్రి ఆంటీ. అందరూ కొత్తోళ్లే, అక్కడ్నే నేర్పిస్తరు," అంది మేబెల్. "మీరు సుత రాండ్రి, కావలి కాయనీకి."

ఎగతాళికే అన్నా, వెళ్లాను.

స్టేషన్ వెనక పాత హాలు. వేదిక మీద ఒకాయన ఫిడేలు, ఒకామె పియానో వాయిస్తున్నారు. కింద జనం జంటలుగా, రెండు పొడుగాటి వరుసల్లో ఎదురెదురుగా నిలబడ్డారు. ఆర్థర్ అనే పెద్దాయన కేకేసి చెప్పినట్టు చేతులు పట్టుకుని తిరుగుతున్నారు, ఒకరినొకరు దాటుతున్నారు, పక్క జంటని కలుస్తున్నారు. కాంట్రా డాన్సంట. సలోమికి జత బాబూరావు అనే బట్టతల గుమాస్తా.

"ఏందమ్మా, తొక్కనీకి నా కాలే దొరికిందా?"

"మీరే అడ్డం పెట్టారు సార్!"

సలోమి నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో! నా కళ్లు మాత్రం ఆ గచ్చు మీదే ఉన్నాయి.

అలా జరుగుతూ జరుగుతూ వాళ్లు వరుస చివరికి వచ్చారు. బాబూరావు మంచినీళ్లకి వెళ్లాడు. అందరూ ఆడుతున్నారు, నా పిల్ల ఒక్కతే గోడవారన మిగిలింది. ఎవరూ చెయ్యి చాపలేదు. వీళ్లకి దాని సంగతి ఎవరో చెప్పేశారనుకున్నాను. ఒళ్లు మండిపోయింది. వరుసల మధ్య నుంచి పరుగెత్తి దాని చెయ్యి పట్టుకున్నాను.

"మొగుడు పోయిన పిల్లని పక్కకి తోసేస్తారా? మీకు ఆడపిల్లలు లేరా?"

ఫిడేలు ఆగిపోయింది.

"తోసెయ్యలేదమ్మా," అన్నాడు ఆర్థర్ దగ్గరికొచ్చి. "చివరికొచ్చిన జంట ఒక్క వంతు ఆగాలె. తర్వాత మళ్ల కలుస్తరు. అందరికీ గంతే." సలోమిని చూసి గొంతు తగ్గించాడు. "మాకు తెల్వదు బిడ్డా. సారీ."

నిజంగానే ఎవరికీ తెలియదు. మేబెల్ చెప్పలేదు. బాబూరావు గ్లాసు పట్టుకుని తల దించుకున్నాడు. సలోమి సంచి తీసుకుని బయటికి నడిచింది.

బోయిగూడలో మా ఇంటి దాకా మాట లేదు. ఆ వారమంతా లేదు. మళ్లీ శనివారం మేబెల్ వచ్చి, "నడువ్, షురూ అయితది," అంటే, తల ఎత్తకుండా పరీక్ష పేపర్లు దిద్దుకుంటూనే ఉంది. మేబెల్ వెళ్లిపోయింది.

"వెళ్లవే తల్లీ. నేను గుమ్మం కూడా దాటను. ఏదో ఒకటి అను. పోనీ తిట్టు," అన్నాను.

గదిలో చీకటి పడింది. నేను లేచి లైటు వేసి మళ్లీ ఎదురుగా కూర్చున్నాను. అది ఆఖరి పేపరు దిద్ది, పెన్నుకి మూత పెట్టింది.

"వెళ్లి ఏం చెయ్యనమ్మా? ఇక అక్కడ కూడా అందరూ నాతో గొంతు తగ్గించే మాట్లాడతారు."