షట్టర్ల వెనక వెండి పెళ్లి

సముద్రం ఒడ్డున మా ఫోబోర్ ఊళ్లో ఎవరికైనా పెళ్లయి పాతికేళ్లు నిండి వెండి పెళ్లిరోజు వచ్చిందంటే ఆ దంపతుల్ని ఆ పూట కంటినిండా నిద్రపోనివ్వం. పొద్దున్నే వాళ్ల గుమ్మం ముందు పచ్చటి కొమ్మలతో ద్వారం నిలబెట్టి, బాకాలు ఊది, పాట పాడి లేపుతాం. వాళ్లు పడుకున్న బట్టల్లోనే, ఏమీ తెలియనట్టు మొహం పెట్టి, కళ్లు నులుముకుంటూ బయటికొచ్చి, ఆ ద్వారం కింద నుంచి నడిచి, అందరినీ కాఫీకి పిలవాలి. బన్నులూ చీజూ ముందురోజే సిద్ధం చేసి పెట్టుకుంటారనుకోండి, అది వేరే సంగతి.

అస్గర్, సిద్సెల్‌ల వంతు పోయిన జూన్‌లో వచ్చింది.

అస్గర్ దీవులకు తిరిగే ఫెర్రీలో ఇంజనీరు. భారీ మనిషి, నవ్వితే ఒళ్లంతా నవ్వుతుంది. సిద్సెల్ చర్చిలో పాటల బృందాన్ని నడుపుతుంది. వాళ్లది పాతకాలపు ఇటుక ఇల్లు. మేడ లేదు గానీ పొడుగ్గా రైలుపెట్టెలా ఉంటుంది, గోడలు మూరెడు మందం. ఆ ఇంటికి రెండు చలికాలాలు కూర్చుని అస్గర్ తెలివితేటలు నేర్పాడు. దీపాలు, హీటర్లు, కిటికీల షట్టర్లు, కాఫీ మిషను అన్నీ వంటింటి అలమర మీద కూర్చున్న ఒక తెల్లటి డబ్బా చెప్పినట్టు వింటాయి. దాన్ని హబ్ అంటారు. ఫోన్లో నొక్కినా సరే, నోటితో చెప్పినా సరే. ఇక స్విచ్చులెందుకని గోడల్లోంచి పీకేసి, ఆ కన్నాలన్నీ సిమెంటుతో పూడ్చి రంగు వేసేశాడు.

"నేను చేయి ఎత్తితే నలభై మంది నోరు మూసుకుంటారు. నా ఇంట్లో ఒక్క దీపం నా మాట వినదు," అని సిద్సెల్ అందరి దగ్గరా వాపోయేది. హబ్‌లోంచి మాట్లాడే ఆడగొంతుకి ఆవిడ పెట్టిన పేరు మహారాణి.

నేను ఊఫెని, ఎదురింట్లో ఉంటాను. బాకా ఊదుతాను. బాగా ఊదుతానని ఎవరూ అనరు గానీ గట్టిగా ఊదుతానని అందరూ ఒప్పుకుంటారు.

జూన్‌లో మాకు తెల్లవారుజామంటే పట్టపగలే. చప్పుడు చేయకుండా వీధివాళ్లమంతా వాళ్ల వసారా బయట చేరాం. ద్వారం కట్టింది పడవలు చేసే క్రెస్టెన్. నాలుగు దుంగలకు దేవదారు కొమ్మలు దట్టంగా చుట్టి, పైన వెండి కాగితంతో ఇరవై ఐదు అంకె అతికించాడు. అయితే ఒక చిక్కుంది. వసారాలో ఏది కదిలినా అక్కడి బల్బు భగ్గున వెలుగుతుంది, దానితోపాటు పడకగదిలో దీపం కూడా కన్ను కొడుతుంది. వీధిలో పిల్లులకు కూడా ఆ సంగతి తెలుసు. క్రెస్టెన్ దూరం నుంచే కర్రకి గుడ్డ చుట్టి, బల్బుని నెమ్మదిగా తిప్పి ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

"చూశారా బుర్ర!" అన్నాడు గుసగుసగా.

మేం చప్పట్లు కొట్టకుండా చప్పట్లు కొట్టాం.

సముద్రం వైపు నుంచి గాలి కొడుతోంది. పడిపోతుందేమోనని ద్వారాన్ని వసారా స్తంభాలకు ఆనించి, తలుపుకి దగ్గరగా, పడవ తాళ్లతో బిగించి కట్టాడు. ఆ ముళ్లు తుఫానుకి కూడా ఊడవు. తర్వాత వరసగా నిలబడ్డాం. నేను బాకా ఎత్తాను. అందరం అందుకున్నాం.

ఇల్లు కిమ్మనలేదు.

రెండో పాట కూడా అయిపోయింది. పక్కవీధి కుక్కలు మాతో గొంతు కలిపాయి. షట్టర్లు దించినవి దించినట్టే ఉన్నాయి. క్రెస్టెన్ భార్య యోర్దిస్ నా వైపు తిరిగింది. "ఊఫె, నీ బాకాకి లేవని మనుషులుంటారని నేను అనుకోలేదయ్యా. బతికే ఉన్నారంటావా?"

ఫోన్ చేశాను. చాలాసేపటికి అస్గర్ ఎత్తాడు.

"ఎవడ్రా అర్ధరాత్రి?"

"అర్ధరాత్రేంట్రా? సూర్యుడు నెత్తిమీద కూర్చున్నాడు! మేమంతా మీ గుమ్మంలో ఉన్నాం."

"షట్టర్లు లేవలేదే? తెల్లారగానే లేవమని పెట్టానే!" లోపల దేనికో గుద్దుకున్న చప్పుడు వినిపించింది. "దీపం వెలిగించు! ఇదిగో, దీపం వెలిగించు అంటున్నా!"

ఎంతో మర్యాదైన ఆడగొంతు ఫోన్లోంచి నాకు కూడా వినిపించింది. "క్షమించండి. పడకగది దీపం జవాబివ్వడం లేదు."

"నీకూ నాకూ తేడా లేదు మహారాణీ, నాకూ జవాబివ్వదు," అంటోంది వెనక సిద్సెల్, నిద్రగొంతుతోనే.

చీకట్లో తడుముకుంటూ ఇద్దరూ వీధి తలుపు దగ్గరికి వచ్చారు. గడియ తీసిన చప్పుడు. మేం మళ్లీ పాట ఎత్తుకున్నాం. తలుపు బెత్తెడు తెరుచుకుని టంగుమని ఆగిపోయింది. ఆ సందులోంచి అస్గర్ ముక్కు, ఒక కన్ను, గీతల పైజమా ముక్క కనిపించాయి.

"ఇదేంట్రా అడ్డం?"

"నీ వెండి పెళ్లి ద్వారం," అన్నాడు క్రెస్టెన్ గర్వంగా. అప్పుడు వాడి మొహం మారింది. "నీ తలుపు బయటికి తెరుచుకుంటుందా?"

"ఈ దేశంలో అందరి తలుపులూ బయటికే తెరుచుకుంటాయిరా!"

"మాది లోపలికి."

"నీ తలుపు నువ్వే తిప్పి బిగించుకున్నావు, మీ పెద్ద సోఫా పట్టక!" అని అరిచింది యోర్దిస్. వీధంతా ఘొల్లుమంది.

తాళ్లు కోసేద్దామని ఎవరో కత్తి తీశారు. క్రెస్టెన్ అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు. కోస్తే మొత్తం ఒక్కసారి కూలుతుందనీ, కొమ్మలన్నీ ఊడతాయనీ, ముందు వాళ్లు బయటికి వస్తే ముళ్లు తీరిగ్గా విప్పుతాననీ అన్నాడు. తోటవైపు పెద్ద గాజు తలుపు ఉంది కదా, అటు రమ్మన్నాడు.

"దానికి కూడా షట్టరు ఉంది," అంది తలుపు సందులోంచి సిద్సెల్. "ఎత్తే స్విచ్చు గోడలో సమాధి అయింది. మా ఆయనకి గోడలు శుభ్రంగా ఉండాలి మరి."

ఇక మిగిలింది వంటింటి కిటికీ. దానికి షట్టరు లేదు, సొరుగంత ఉంటుంది. సిద్సెల్ అందులోంచి తల బయటపెట్టింది. జుట్టంతా ఒక పక్కకి ఎగిరి ఉంది. ఆవిడైతే పడుతుంది, ఎక్కి దూకెయ్యమన్నాం.

"పెళ్లికూతురిగా తలుపులోంచి నడిచొచ్చాను ఈ ఇంట్లోకి. ఇవాళ కిటికీలోంచి దూకి పారిపోతే ఊరు ఏమనుకుంటుంది?" అని, తల లోపలికి తీసుకుని, మళ్లీ బన్నుల పళ్లెంతో ప్రత్యక్షమైంది. "ముందు తినండి. ఆ మొండి డబ్బా సంగతి మేం చూస్తాం."

కాఫీ మిషను మాత్రం మాట విన్నది. ఆ సొరుగు కిటికీలోంచి కప్పులు ఒకటొకటిగా బయటికొచ్చాయి. మేం గడ్డి మీద చతికిలబడి, వెన్న రాసుకుంటూ, లోపలి నాటకాన్ని చెవులతో చూస్తున్నాం.

"ప్లగ్గు పీకి పెట్టావా?"

"పెట్టాను."

"కాసేపు ఆగి పెట్టావా, ఊరికే పీకి గుచ్చావా?"

"సిద్సెల్, ఓడ ఇంజన్లు నడిపేవాణ్ణి నేను!"

"అందుకే అడుగుతున్నా."

మళ్లీ పీకాడు, ఆగాడు, పెట్టాడు. డబ్బా కిణుక్కుమంది. "శుభోదయం. అన్నీ సిద్ధంగా ఉన్నాయి," అంది మహారాణి. షట్టర్లు ఎత్తమన్నాడు. "క్షమించండి. తోటవైపు షట్టరు జవాబివ్వడం లేదు." బయట మేమందరం ఆ మాటే ఆ గొంతుతోనే ఏకకంఠంగా అన్నాం. లోపల అస్గర్ ఏదో అన్నాడు. అది రాయకూడదు.

ఇంటర్నెట్టు చూశాడు, బాగానే ఉంది. ఫోన్లో యాప్ తీసేసి మళ్లీ వేసుకున్నాడు. లాభం లేదు. చివరికి డబ్బాలో ఉన్నదంతా చెరిపి, పుట్టినప్పటిలా చేసి అన్నీ మొదటి నుంచి నేర్పుతానన్నాడు.

"ఆగు!" అంది సిద్సెల్, పాటల బృందాన్ని ఆపే గొంతుతో. బయట నా చేతిలో కప్పు కూడా ఆగిపోయింది. "దాన్ని చెరిపేస్తే సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాం. ముందు ఎవరు పాడుతున్నారో, ఎవరు పాడటం లేదో చూద్దాం."

వంటింట్లో నిలబడి దీపం వెలగమంది. వెలిగింది. తిండిగదిలోది కూడా వెలిగింది. నడవాలోది కూడా. అక్కడి నుంచి అటువైపు ముందుగది, పడకగది, తోట తలుపు ఒక్కటీ పలకలేదు.

"నడవా దాకా అందరూ పలుకుతున్నారు. అవతల ఒక్కరూ పలకడం లేదు. హబ్ మాట అంత దూరం ఎలా పోతుంది?"

"నేరుగా పోదు," అన్నాడు అస్గర్. "ఈ గోడల్లోంచి దాని మాట దాటదు. ఎప్పుడూ కరెంటు ఉండే బల్బులు ఒకటి విని పక్కదానికి చెబుతాయి, అది ఇంకోదానికి."

"ఒకరి నుంచి ఒకరు శ్రుతి అందుకున్నట్టా?"

"అంతే."

"అయితే మధ్యలో ఎవరో పాట మానేసి ఇంటికి పోయారు. నడవాలోంచి అటువైపుకి మాట అందించేది ఎవరు?"

బరువైన అడుగులు తలుపు వైపు పరుగెత్తాయి. సందులో అస్గర్ కన్ను ప్రత్యక్షమై, పైకి తిరిగి, వసారా కప్పుని చూసింది.

"నా బల్బేదిరా?"

అందరి తలలూ పైకి లేచాయి. ఖాళీ హోల్డర్ మా వైపు చూస్తోంది. తర్వాత అందరి తలలూ క్రెస్టెన్ జేబు వైపు తిరిగాయి.

క్రెస్టెన్ బన్ను మింగలేక మింగాడు. "ఇదా?" అంటూ బల్బు బయటికి తీశాడు. "ఒక్క దీపమే కదా అనుకున్నాను."

"ఒక్క దీపమా! మా ఇంట్లో సగం దాని నోటితోనే మాట్లాడుతోంది!"

"దొంగని ఇంట్లోనే పెట్టుకుని కాపురం చేస్తున్నానన్న మాట," అంది యోర్దిస్. క్రెస్టెన్ కుర్చీ ఎక్కి, అందరూ తలో సలహా ఇస్తుంటే, బల్బు బిగించాడు. అది వెలిగింది. మేం అరిచిన అరుపుకి రేవులో పక్షులు లేచిపోయాయి.

"కంగారు పడకండి. బల్బులు ఒకదాన్నొకటి వెతుక్కోవాలి. కాస్త టైం ఇవ్వండి," అన్నాడు అస్గర్ సందులోంచి.

మేం పరుగున ఇల్లు చుట్టి తోటలోకి పోయాం. గాజు తలుపు ముందు గుంపుగా నిలబడ్డాం. ముందు పడకగది షట్టరు గుర్రుమంటూ కదిలింది. అది లేవగానే తోటలోని స్పీకర్లలోంచి పెళ్లినాడు జంట గుండ్రంగా తిరుగుతూ ఆడే వాల్ట్జ్ పాట మొదలైంది. అస్గర్ రహస్యంగా పెట్టుకున్న కానుక అది. షట్టరు లేవగానే పాట రావాలి, సిద్సెల్ ఆశ్చర్యపోవాలి. చెప్పడం మాత్రం ఒక్క షట్టరుకి కాకుండా అన్నిటికీ చెప్పాడు. రెండో షట్టరు లేచింది, పాట మళ్లీ మొదటి నుంచి మొదలైంది. మూడోది లేచింది, మళ్లీ మొదటి నుంచి. వాల్ట్జ్ రెండడుగులు వేయడం, గుమ్మంలోనే నిలబడిపోవడం.

చిట్టచివర పెద్ద గాజు తలుపు షట్టరు లేచింది. ముందు బోసి పాదాలు కనిపించాయి, తర్వాత గీతల పైజమా, సిద్సెల్ రాత్రి గౌను, ఇద్దరి పొట్టలూ, ఆఖరికి మొహాలు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని కన్నీళ్లు వచ్చేలా నవ్వుతున్నారు.

"నువ్వు పెట్టావా ఈ పాట?" అంది సిద్సెల్.

"ఒక్కసారే వస్తుందనుకున్నాను."

"పిచ్చివాడా! పాతికేళ్ల తర్వాత కూడా నిన్ను చూసి ఇంత నవ్వొస్తుందని నేను అనుకోలేదు," అని వాడి చెవి పట్టుకుని ముద్దు పెట్టింది. తలుపు తోసుకుని తడి గడ్డిలోకి వచ్చేశారు. స్పీకర్లలో పాట ఈసారి ఆగలేదు. నేను బాకాతో అందుకున్నాను. వాళ్లిద్దరూ బోసి కాళ్లతో తిరగడం మొదలుపెట్టారు. చుట్టూ చప్పట్లు కొడుతూ, అడుగడుగునా దగ్గరకు జరుగుతూ, వాళ్లు కదలడానికి చోటు లేనంతగా మూసేశాం. అప్పుడు పెళ్లికొడుకుని ఎత్తి పట్టుకుని సాక్సుల ముందు భాగం కత్తిరించాలి. మా దగ్గర అది లేకుండా ఆ వాల్ట్జ్ పూర్తయినట్టు కాదు. యోర్దిస్ కత్తెర ఎత్తి, అస్గర్ పాదాలు చూసి నిరాశగా నిలబడిపోయింది.

"వీడికి సాక్సులే లేవు!"

"నా మొగుడికి ఉన్నాయి కాబోలు, చూడండి," అంది వెంటనే, తనే.

క్రెస్టెన్ పరుగెత్తాడు గానీ గూస్‌బెర్రీ పొదలు దాటలేదు. నలుగురం పట్టుకున్నాం. అస్గర్ వాడి కాళ్లు ఎత్తి పట్టాడు, సిద్సెల్ బూట్లు లాగేసింది, యోర్దిస్ రెండు సాక్సుల కొసలూ కచకచా కత్తిరించింది. పది వేళ్లూ ఎండలోకి వచ్చాయి.

"మంచి ఉన్ని సాక్సులే అవి!" అని మొత్తుకున్నాడు క్రెస్టెన్.

ఆ తర్వాత వాడే వెళ్లి, ముళ్లన్నీ విప్పాడు. తలుపుకీ ద్వారానికీ మధ్య మనిషి దూరే చోటు లేదు గనక, ద్వారాన్నే అందరం భుజాల మీద మోసుకొచ్చి తోట మధ్య నిలబెట్టి పట్టుకున్నాం. అస్గర్, సిద్సెల్ చేయీ చేయీ పట్టుకుని దాని కింద నుంచి నడిచారు. బాగుందని సిద్సెల్ మళ్లీ వెనక్కి వెళ్లి మరోసారి నడిచింది. తర్వాత యోర్దిస్ కూడా నడవాలంది. క్రెస్టెన్ చేయి పట్టుకుని లాక్కెళ్లింది. వాడు తడి గడ్డిలో వేళ్లు ముడుచుకుంటూ, కితకితలకి ఎగిరెగిరి పడుతూ నడుస్తుంటే నాకు నవ్వాగక బాకాలోంచి గాలి తప్ప స్వరం రాలేదు.

"ఊదవయ్యా ఊఫె!" అని అరుస్తున్నారందరూ. "పెళ్లివాళ్లు నడుస్తున్నారు, ఊదు!"