పెడలుకు కట్టిన పేలిక

ఇంటి ముందరి కుట్టుకొట్టులో మధ్యాహ్నం భోజనానికి లేస్తూ టైలరమ్మ అలవాటుగా వంగి, కుట్టుమిషను పెడలును పాత గుడ్డ పేలికతో చట్రానికి బిగించి కట్టింది. మిషను దగ్గర్నుంచి లేచిందంటే ఆ ముడి పడాల్సిందే. పద్దెనిమిదేళ్ల కూతురు సరదాకైనా ఆ పెడలు మీద కాలు మోపకూడదు.

టైలరమ్మ ఎడమకాలు మోకాలి దాకా ఉబ్బి, చీలమండ ఎక్కడుందో తెలియకుండా ఉంటుంది. ఆ కాలికి చెప్పు రెండు సైజులు పెద్దది. ఆ కాలిని "మా దొరసాని" అంటుంది. పనికి ముందుకు రాదు, సేవలు మాత్రం చేయించుకుంటుంది మరి. తల్లికీ ఇదే కాలు, అమ్మమ్మకూ ఇదే. ముగ్గురూ మిషను తొక్కి బతికినవాళ్లే కాబట్టి నేరం పెడలుదేనని ఆ ఇంట్లో ఎప్పుడో తీర్పయిపోయింది. కుట్టు నేర్పమని కూతురు ఎంత బతిమాలినా, అలిగి తిండి మానేసినా ఆమె చెవిన పెట్టలేదు.

మొన్న కింద పడ్డ సూది ఆ కాలి మడమలోనే దిగింది. లాగి పారేసి, తుడుచుకుని, మళ్లీ కాలర్లు కుట్టే పనిలో పడింది. పొద్దుట్నుంచి వణుకుగా ఉంటే ఒక మాత్ర మింగింది.

పుస్తకాల షాపులో పనిచేసే కూతురు అప్పుడే భోజనానికి ఇంటికొచ్చి మేజోళ్లు విప్పింది. ఎడమ చీలమండ చుట్టూ లోతుగా గాడి పడి ఉంది. టైలరమ్మ బొటనవేలితో నొక్కి చూసింది. గుంట అలాగే ఉండిపోయింది.

"ఎప్పట్నుంచే?"

"రెండు నెలలైంది. సాయంత్రానికి ఇంకా ఎక్కువవుతుంది."

"నాకు తెలీకుండా మిషను తొక్కావా?"

"నువ్వెప్పుడు తొక్కనిచ్చావమ్మా?"

టైలరమ్మ కూతురి చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి బయలుదేరింది.

నర్సు అంతా విని, టేపు తీసి పిల్ల కాలు కొలిచింది. "ఒంట్లో నీరు లాగే సన్నటి నాళాలు మీ వంశంలో పుట్టుకతోనే సరిగా ఉండవు. మిషనుకేం సంబంధం లేదమ్మా. పూర్తిగా పోదు గానీ అదుపులో ఉంటుంది. ఈ కొలతకు బిగుతు మేజోడు ఇస్తాం, వ్యాయామం నేర్పుతాం. చర్మం పగలనివ్వకూడదు. చిన్న గాయమై జ్వరమొస్తే ఆ రోజే రావాలి."

టైలరమ్మ ఊరందరి కొలతలూ తీసింది. తన కాలి కొలత ఎవరూ తీయలేదు. తన తల్లి, కాలు ఎర్రబడి, జ్వరంతో నాలుగు రోజుల్లో పోయింది. అదీ ఇదేనా? ఇన్నేళ్లూ కాపలా కాసింది ఒట్టి ఇనప ముక్కకా? పిల్లను ఏడిపించింది దీనికోసమా?

"అమ్మా, నీ చెయ్యి కాలిపోతోంది," అంది కూతురు.

నర్సు టైలరమ్మ చీర అంచు పైకెత్తి చూసింది. సూది దిగిన మడమ నుంచి ఎరుపు తొడ దాకా పాకింది. వెంటనే మంచం మీద పడుకోబెట్టి సెలైను పెట్టారు.

"ఇంటికెళ్లగానే నీకు కుట్టు నేర్పుతా," అంది టైలరమ్మ, పళ్లు టకటక కొట్టుకుంటుంటే. "ఆ ముడి నేనే విప్పుతా. నువ్వు ముట్టుకోకు, ఆ తప్పు నేనే దిద్దుకోవాలి."

కూతురు సరేనంది.

మూడో రోజు పొద్దున్నే, రక్తమంతా విషమైపోయి, టైలరమ్మ పోయింది.

వారం తర్వాత కూతురు కుట్టుకొట్టు తలుపు తీసింది. కాలికి కొత్త మేజోడు బిగుతుగా ఉంది. సూది కింద సగం కుట్టిన కాలరుంది. మిషను ముందు కూర్చుని, కాళ్లు ఎక్కడ పెట్టాలో తెలియక కిందికి చూసింది. పెడలుకు అమ్మ వేసిన పేలిక ముడి అలాగే ఉంది.