మొదటి పిలుపు

వీరేంద్ర హైదరాబాదులో ఏం ఉద్యోగం చేస్తాడో వాళ్లమ్మ రాఘవమ్మకి ఓ పట్టాన అర్థం కాదు. ఇళ్లకు పార్సిళ్లు చేరవేసే కంపెనీలో, ఏ వ్యాను ముందు ఏ ఇంటికెళ్లాలి, ఆ తర్వాత ఏ ఇంటికెళ్లాలి అని కంప్యూటర్లో చూసి వరస వేసే పని. "ఆ మాత్రం దానికి బీటెక్ ఎందుకురా? బండి తోలేవాడికి దారి తెలీదా?" అందావిడ ఓసారి. అప్పట్నించీ ఎలాగైనా అమ్మకి తన విద్య చూపించాలని కుర్రాడికి కోరిక.

అక్క కృష్ణప్రియ పెళ్లికి ఆ కోరిక తీరింది. తీరకుండా ఉంటేనే బావుండేదని ఇప్పుడు వాడే అంటాడు.

పెళ్లి పన్నెండు రోజులుందనగా రాఘవమ్మకి విషజ్వరం తగిలి కీళ్లు పట్టేశాయి. మంచం దిగాలంటే మొగుడు రత్తయ్య భుజం కావాలి. దాంతో శుభలేఖలు పంచడం వీరేంద్ర మీద పడింది. ఆడవాళ్లకి బొట్టు పెట్టి పిలవడానికి ఆడపిల్ల ఉండాలి గనక, డిగ్రీ చదివే బాబాయి కూతురు గీతాంజలిని తోడిచ్చారు. రాఘవమ్మ పడుకునే పదకొండు ఇళ్లు చెప్పింది. వీరేంద్ర ఫోన్లో కొట్టుకున్నాడు.

"ముందు జి.కొండూరు పెద్దమావయ్య. దార్లో ఎవరింటి ముందూ బండి ఆపొద్దు. తర్వాత జగ్గయ్యపేట మేనత్త. ఆ తర్వాత నందిగామ చిన్నమావయ్య. మళ్లీ జగ్గయ్యపేట వచ్చి..."

వీళ్ల ఊరు వత్సవాయి పక్కన. అక్కణ్నించి ముందు జగ్గయ్యపేట తగులుతుంది, తర్వాత నందిగామ, ఆ పైన ఎక్కడో జి.కొండూరు. అమ్మ చెప్పిన వరస తూనీగ ఎగిరినట్టుంది. జ్వరం నూటరెండు ఉంది కదా, పలవరిస్తోందనుకున్నాడు వీరేంద్ర.

జి.కొండూరు చంద్రమౌళి రాఘవమ్మకి పెద్దన్న. కృష్ణప్రియ ఆరు నుంచి పది దాకా ఆయనింట్లోనే ఉండి చదువుకుంది. పెళ్లికూతుర్ని గంపలో కూచోబెట్టి పీటల మీదికి మోసుకొచ్చేది మేనమామ. తన గంప మాత్రం పెద్దమావయ్యే ఎత్తాలని ఆ పిల్ల అప్పుడే మాట తీసుకుంది. నందిగామలో ఎరువుల కొట్టున్న వరప్రసాదరావు ఆయన తమ్ముడు. అన్నదమ్ములకి పెద్ద తగువేం లేదు. కలిసినప్పుడల్లా ముందు ఎవరు పలకరించాలన్న దగ్గర ఆగిపోతారు, అంతే. ఇవన్నీ వీరేంద్రకి చిన్నప్పట్నించీ తెలుసు. తెలిసినవన్నీ వేళకి గుర్తొస్తే వాడు వీరేంద్ర ఎందుకవుతాడు!

రాత్రి పదకొండు ఇళ్లనీ యాప్‌లో పెట్టాడు. అమ్మ వరసకన్నా అరవై ఒక్క కిలోమీటర్లు తక్కువ. పొద్దున్నే గీతాంజలికి చూపించి, "చూశావా, దీన్నే ఆప్టిమైజేషన్ అంటారు," అన్నాడు.

"పెద్దమ్మ ముందు కొండూరు అంది కదన్నయ్యా?"

"పెద్దమ్మ మ్యాప్ చూసి చెప్పిందా? ఎక్కు. ఒక్కో ఇంటికి నాలుగు నిమిషాలు. మధ్యాహ్నానికి అయిపోవాలి."

జగ్గయ్యపేటలో ఆరిళ్లు. ఏ ఇంటి ముందూ ఇంజను ఆపలేదు, గీతాంజలిని దిగనివ్వలేదు. గేటు దగ్గరికి ఎవరొస్తే వాళ్ల చేతిలో కార్డు పెట్టి, "అక్క పెళ్లి, రండి," అనడం, గేరు వెయ్యడం. 

మేనత్త పెరట్లోంచి తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది. "దిగరా, కాఫీ పెడతా. అమ్మకెలా ఉంది?"

"పర్లేదత్తా. టైం లేదు, ఇంకా తొమ్మిదిళ్లున్నాయి."

"రేపు నీ పెళ్లికి గోడ మీంచి విసిరేసి పోతావేమోరా అయితే!"

జోకనుకుని గట్టిగా నవ్వాడు వీరేంద్ర. అత్త నవ్వలేదు. ఆ సంగతి వాడికి రెండు వీధులు దాటాక గీతాంజలి చెప్తే తెలిసింది.

నందిగామ చేరేసరికి అనుకున్న టైముకన్నా పదకొండు నిమిషాలు ముందున్నాడు. ఆ ఊపులో వరప్రసాదరావు ఇంటికి కూడా వెళ్లలేదు. రోడ్డు మీద కొట్టు కనిపిస్తుంటే సందులోకి తిరగడం దేనికని, యూరియా బస్తాల మధ్య నుంచి వెళ్లి కౌంటరు మీద కార్డు పెట్టాడు. చిన్నమావయ్య రసీదు పుస్తకం మూసి, కళ్లజోడు పెట్టుకున్నాడు.

"అన్నయ్యకిచ్చి వస్తున్నారా?"

"లేదు మావయ్యా. మీరే ముందు."

గీతాంజలి వెనకనించి వీపు మీద గిల్లింది. "ఏంటే?" అన్నాడు, కొట్లో ఉన్న రైతులందరికీ వినపడేట్టు.

వరప్రసాదరావు కార్డుని అటూ ఇటూ తిప్పి చూశాడు. మొహంలో దీపం వెలిగింది. "నన్నే ముందు పిలవమందా రాఘవ? అయితే గంప కూడా..."

శుభలేఖలిచ్చేటప్పుడు పెద్దవాళ్లు అనే మాటల్లో వీరేంద్రకి వచ్చింది ఒకటే ఒకటి. పొద్దున్నించీ ఎక్కడా వాడలేదు. సరిగ్గా అక్కడ వాడాడు: "అన్నీ మీరే చూసుకోవాలి మావయ్యా."

వీళ్లు హైవే ఎక్కేలోపే చిన్నమావయ్య ఫోను చెవి దగ్గరుంది.

నందిగామలో మిగతా మూడిళ్లూ ముగించి, కంచికచర్ల దాటాక టీ తాగడానికి ఆగినప్పుడు గీతాంజలి నెమ్మదిగా అంది. "అన్నయ్యా, నాకు లెక్కలు రావులే గానీ... పొద్దున ఎక్కడా ఆగకుండా తిన్నగా కొండూరు వెళ్లి, ఇవన్నీ తిరిగొచ్చేటప్పుడు ఇచ్చుకుంటూ వచ్చినా అంతే దూరం కదా?"

వీరేంద్ర కప్పు నోటి దాకా తీసుకెళ్లి ఆపాడు. పోయిన రోడ్డునే రావాలి. ఒక్క కిలోమీటరు కూడా పెరగదు. మూడేళ్లుగా ఇదే పనికి జీతం తీసుకుంటున్నాడు.

"టీలో పంచదార ఎక్కువైంది," అన్నాడు.

ఒంటిగంటకి జి.కొండూరు చేరారు. చంద్రమౌళి వరండాలో ఇస్త్రీ చొక్కాతో కూచునున్నాడు. అరవై నాలుగేళ్ల మనిషి, వీళ్లని చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"రండి. కూర్చోండి. మంచినీళ్లు పుచ్చుకుంటారా?"

చిన్నప్పుడు చెవులు పట్టి మామిడిచెట్టు దింపిన మావయ్య 'రండి' అనేసరికి వీరేంద్ర మెట్టు మీదే ఆగిపోయాడు. "అదేంటి మావయ్యా, నన్ను మీరంటారు?"

"ఉద్యోగం మీద వచ్చినవారిని అనాలి కదండీ. ఇలా ఇవ్వండి. సంతకం ఎక్కడ పెట్టమంటారు?"

తలుపు దగ్గర నించుని పెద్దత్త అందుకుంది. "మీ అమ్మ నిన్ననే ఫోన్ చేసింది నాయనా. నా బదులు పిల్లలొస్తారు, మొదటి పిలుపు నీకే అన్నయ్యా అని. తెల్లారి ఏడింటికి గడ్డం గీసుకుని కూచున్నారు. టిఫిన్ చెయ్యండంటే, పిల్లలొచ్చాక కలిసి తింటానన్నారు. ఇడ్లీలు రెండుసార్లు వేడి చేశా. పదకొండింటికి తమ్ముడుగారి ఫోనొచ్చింది. ఇహ అప్పట్నించీ ఆ కుర్చీ, ఆ మనిషి."

వీరేంద్రకి ఇంకా బుద్ధి రాలేదు. ఫోన్ తీసి మ్యాప్ చూపించాడు. ఇదిగో వత్సవాయి, ఇదిగో మీ ఊరు, ఇలా అయితే అరవై ఒక్క కిలోమీటర్లు కలిసొస్తుంది మావయ్యా అని వేలుపెట్టి చెప్పాడు. చంద్రమౌళి శ్రద్ధగా చూశాడు.

"చాలా బాగుందండీ. గంప కూడా అలాగే దగ్గరవాళ్ల చేతే ఎత్తించండి. నందిగామైతే మీకు దగ్గర. నా కోసం ఇంత దూరం పెట్రోలు దండగ."

అప్పుడు దిగింది వాడికి. పీటల మీద కూచోబోయే ముందు అక్క ఎవరికోసం చూస్తుందో కళ్లముందు కనపడింది. ఆ చూపుకి తను ఏం జవాబు చెప్తాడు? మ్యాప్ చూపిస్తాడా?

"తప్పయింది మావయ్యా. నన్ను నాలుగు తన్నండి. అక్క గంప మాత్రం..."

"ఎవరికి తన్నే ఓపికుంది?" చంద్రమౌళి గొంతు తగ్గింది. పెద్దత్త లోపలికి వెళ్లిందో లేదో చూసుకున్నాడు. "నడుంలో పూస అరిగింది. నీళ్లబిందె కూడా ఎత్తొద్దన్నాడు డాక్టరు. అక్క ఎంతుందిప్పుడు?"

"యాభై ఎనిమిదో, అరవయ్యో."

"ఒక్కణ్నీ ఎత్తలేను. మొదట నన్ను పిలిస్తే, పెద్దవాడిగా నేనే వెళ్లి వరప్రసాదాన్ని పిలిచేవాణ్ని. ఒరే, రెండో పక్క నువ్వు పట్టరా అని. ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. ఇప్పుడేమైంది? వాడు ఫోన్ చేసి, నువ్వూ ఓ చెయ్యి వెయ్యి అన్నయ్యా అంటాడు. నాతో! నా చేతుల్లో పెరిగిన పిల్లకి నేను ఓ చెయ్యి వెయ్యాలా?"

"అమ్మకి తెలుసా, మీ నడుం సంగతి?"

"తెలుసు. అందుకే ఆ వరస చెప్పింది."

వీరేంద్ర ఫోన్లో అమ్మ చెప్పిన వరస మళ్లీ తీసి చూశాడు. మొదటి పేరు వెనక ఇంత ఉంటే, మిగతా పది పేర్ల వెనక ఏమేం ఉన్నాయో! మేనత్త రెండోది ఎందుకు? నందిగామ నుంచి మళ్లీ వెనక్కి జగ్గయ్యపేట ఎందుకు? ఒక్కటీ అడగలేదు. నూటరెండు జ్వరంలో ఆవిడ పదకొండు ఇళ్ల గుట్టు పూసగుచ్చినట్టు చెప్తే, తను దాన్ని దూరాల లెక్క చేశాడు.

ఇంతలో గీతాంజలి సంచి సర్దుకుంటూ గొణిగింది. "ఏం పిలుపులో ఏమో. నేను తెచ్చిన కుంకుమ భరిణె మూత కూడా తియ్యలేదు."

మునిగేవాడికి తాడు దొరికినట్టయింది వీరేంద్రకి. ఆ తాడు తన మెడకే చుట్టుకుంటుందని తెలిసీ పట్టుకున్నాడు.

"మావయ్యా, నేను ఎవర్నీ పిలవలేదు."

"మరి పొద్దున్నించీ చేసిందేంటి?"

"కార్డులు పంచా. ఏ ఇంటి ముందూ బండి దిగలేదు. ఎవరి గుమ్మం ఎక్కలేదు. బొట్టు పెట్టలేదు, అక్షింతలు ఇవ్వలేదు, మంచినీళ్లు కూడా తాగలేదు. పదిళ్లలో పదిమందినీ అవమానం చేసొచ్చా. అది పిలుపెలా అవుతుంది? లెక్కప్రకారం పిలుపు ఇంకా మొదలే కాలేదు."

చంద్రమౌళి ఓ అడుగు ముందుకేశాడు.

"వరప్రసాదం ఇంట్లో కూడా బొట్టు పెట్టలేదా?"

"ఇంటికే వెళ్లలేదు. కొట్లో కౌంటరు మీద పెట్టి వచ్చా."

"ఎరువుల బస్తాల మధ్యా?"

"యూరియా పక్కన."

పెద్దాయన మీసం కింద ఏదో కదిలింది. దగ్గు వచ్చినట్టు కండువా అడ్డం పెట్టుకున్నాడు. "వెధవ! ఆ మాట చెప్పలేదు ఫోన్లో. ఇంటికొచ్చి కాళ్లకి దణ్ణం పెట్టి పిలిచినంత గొప్పగా చెప్పాడు." కండువా తీసేసరికి మొహం మళ్లీ బిగుసుకుంది. "అయితే ఇంకా పిలవలేదన్నమాట. సరే, బయటికెళ్లి రండి. మనుషులు వచ్చినట్టు రండి."

ఇద్దరూ గేటు దాకా వెళ్లి వచ్చారు. చెప్పులు విడిచారు. గీతాంజలి పెద్దత్తకి బొట్టు పెట్టి అక్షింతలిచ్చింది. ఇహ మాట చెప్పాల్సింది వీరేంద్ర. నోరు తెరిచాడు. రాలేదు. పిలుపు ఎలా పిలుస్తారో వాడికి తెలీదు. పెళ్లిళ్లకి వెళ్లి తిన్నాడే గానీ, పిలుస్తుంటే ఏనాడూ పక్కన నించుని విన్నవాడు కాదు. వచ్చిన ఒక్క ముక్కా నందిగామలో తగలేశాడు.

"మావయ్యా, అక్క పెళ్లండి. ఇరవై నాలుగో తారీకు. మీరు... మీరు రాకపోతే అది పీటల మీదికి రాదు. అలిగి కాదు. దానికి ఎలా రావాలో తెలీదు. అమ్మ లేచి రాలేక నన్ను పంపింది. నన్ను పంపకుండా ఉండాల్సింది. అయినా రండి."

ఇంత కంగాళీ పిలుపు ఆ వరండాలో ఎవరూ ఎప్పుడూ పిలిచి ఉండరు. చంద్రమౌళి వాడి చేతిలోంచి శుభలేఖ రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకున్నాడు.

"తిన్నావా ఏమన్నా?"

ఆ 'తిన్నావా'కి వీరేంద్ర కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పొద్దున్నించీ తినకపోవడం వల్ల అని తర్వాత అందరికీ చెప్పుకున్నాడు. మూడోసారి వేడిచేసిన ఇడ్లీలు రాళ్లలా ఉన్నాయి. తొమ్మిది తిన్నాడు.

చేతులు కడుక్కోగానే చంద్రమౌళి తన మోపెడ్ బయటికి తీశాడు. "పదండి. రెండో పిలుపు వరప్రసాదానికి. వాడి దగ్గరికి నేనొస్తా."

"రెండోది మేనత్త మావయ్యా, అమ్మ వరసలో."

"ఆవిడ కాళ్లు రేపు పట్టుకో. ఇది ఇవాళ తేలాలి."

నందిగామ దాకా పెద్దాయన మోపెడ్ ముందు, వీరేంద్ర బైకు వెనక. గంటకి పాతిక. దాటి వెళ్లే ధైర్యం వాడికి లేదు. వెనక కూచున్న గీతాంజలి, "ఇంటికి నాలుగు నిమిషాలన్నావు కదన్నయ్యా," అని రెండుసార్లు గుర్తుచేసింది.

ఈసారి సందులోకి తిరిగి ఇంటికే వెళ్లారు. కబురందుకుని వరప్రసాదరావు కొట్లోంచి పరిగెత్తుకొచ్చేసరికి, గీతాంజలి చిన్నత్తకి బొట్టు పెడుతోంది. గుమ్మంలో అన్నని చూసి ఆగిపోయాడాయన. ముందు ఎవరు పలకరించాలా అని ఇద్దరూ గోడ మీద బల్లిని చూశారు.

చంద్రమౌళే గొంతు సవరించుకున్నాడు. "ఒరే వరం. పిల్లని ఎత్తాలి. ఓ పక్క నేను పడతా, రెండో పక్క నువ్వు పట్టు. అడగడానికే వచ్చా."

"అడగాలా అన్నయ్యా? పడతా." వరప్రసాదరావు కళ్లు తుడుచుకుని, అంతలోనే తేరుకున్నాడు. "ఇంతకీ కుడిపక్క ఎవరు?"

"నేను. పెద్దవాణ్ని."

"ముందు కార్డు అందింది నాకు."

"అది కార్డురా. పిలుపు కాదు. యూరియా పక్కన పెట్టి పోయింది పిలుపంటార్రా ఎవరన్నా?"

"అయితే మాత్రం? మొన్న మీ బావమరిది కూతురి పెళ్లిలో కుడిపక్క పట్టింది చిన్నవాడే. నా కళ్లతో చూశా."

"వాళ్ల ఇంటి పద్ధతి వేరు!"

"పద్ధతి గురించి నువ్వు చెప్పాలి మరి!"

గొంతులు లేచాయి. చిన్నత్త కాఫీ గ్లాసులు పట్టుకుని ఎవరికి ముందు ఇవ్వాలో తెలీక మధ్యలో నిలబడింది. చివరికి వరప్రసాదరావు ఇటు తిరిగాడు. "నువ్వు చెప్పరా వీరేంద్రా. ఇంజినీరువి, చదువుకున్నవాడివి. ఏది ముందు, ఏది తర్వాత అని లెక్కలు కట్టడమే కదా నీ ఉద్యోగం? కుడిపక్క ఎవరు పట్టాలి?"

చంద్రమౌళి కూడా వాడి వైపే చూశాడు.

వీరేంద్ర నోట్లో జవాబు సిద్ధంగానే ఉంది. అరవై కిలోల బరువు, నడుం నొప్పి, ఎత్తు తేడా, ఏ పక్క ఎవరుంటే భారం ఎవరి మీద ఎంత పడుతుందో బొమ్మ గీసి మరీ చెప్పగలడు. ఆ జవాబుని మింగి, ఫోన్ తీసుకుని వసారాలోకి నడిచాడు.

"ఉండండి మావయ్యా. అమ్మనడిగి చెప్తా."