నలభై రెండో సంతకం

"పాలగిన్నె మీద మూత పెట్టకపోతే పిల్లి తాగిపోతుంది. పెట్టాను. అదీ తప్పేనా?" అంది అత్తగారు.

అది మూత కాదు. మూడు రోజుల కిందట కోడలు ఆఫీసులో టైపు చేసి తెచ్చిన అంగీకారపత్రం. ఆవిరికి మధ్యలో ఉబ్బి అంచులు వంకర్లు పోయింది. సంతకం పెట్టాల్సిన చోట గిన్నె అంచు గుండ్రటి మరకై కూర్చుంది.

"ఇన్ని మూతలుండగా ఇదే దొరికిందా అత్తయ్యా?"

"చేతికందింది. కిందటి వారం నువ్విచ్చింది చెత్త ఎత్తడానికి బాగా పనికొచ్చింది. ఇదీ పనికొచ్చింది."

"ఇంకో నాలుగు తెమ్మను అమ్మా, అలమార అరల్లో పరుచుకుందువు గానీ" అన్నాడు భర్త, విప్పిన మిక్సీ ముందు నుంచి తలెత్తకుండానే. అత్తాకోడళ్ళిద్దరూ ఒకేసారి అతని వైపు చూశారు. అతను స్క్రూడ్రైవరు మార్చుకున్నాడు.

ఆమె కాగితాన్ని తీసుకుని, తడి ఆరేలా వేలితో సాపు చేసింది. పద్దెనిమిదేళ్ళుగా కాగితాలు సాపు చేసిన వేలు అది. స్టాప్లరు నొక్కీ నొక్కీ బొటనవేలి మొదట్లో కాయ కాసింది. ఊరి చివర మొక్కజొన్న గంజిపొడి చేసే ఫ్యాక్టరీలో ఆమె ఆఫీసు గుమస్తా. అక్కడ అందరూ ఆమెను సైడింగమ్మ అంటారు. రెండు కిలోమీటర్ల అవతల రైల్వే లైనుంది. దాని నుంచి ఫ్యాక్టరీ గోదాము దాకా ఒక పాయ వేస్తే అది సైడింగు. లారీల మీద పోయే సరుకును రైలు మీదికి మళ్ళిస్తే, ఆ పాయ వెయ్యడానికి ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది. దరఖాస్తు పెట్టడం ఆమె పని. ఇది మూడోసారి.

మొదటిసారి, లారీల లెక్క లేదని తిప్పి పంపారు. ఆమె ఏడాది పాటు గేటు దగ్గర వాచ్‌మన్ పక్కన స్టూలు వేసుకుని, వచ్చే లారీనీ పోయే లారీనీ రాసింది. రెండోసారి, పటంలో మలుపు కొలత లేదన్నారు. ఇంజనీరును పిలిపించి గీయించింది. ఈసారి, లైను పోయే దారిలో ఉన్న స్థలాల యజమానులందరి సంతకాలూ కావాలన్నారు. నలభై ఇద్దరు. ఇటుకల బట్టీ ఆయన ఏడు టీలు తాగించి గానీ పెట్టలేదు. బట్టలుతికే ఆవిడ ముందు తన కరెంటు బిల్లు తగాదా తేల్చి పెట్టమంది. తేల్చింది. అలా నలభై ఒకటి అయ్యాయి.

నలభై రెండోది ఇంట్లోనే ఉంది.

"రైలు లారీ లాంటిది కాదమ్మా, గభాల్న తిరగదు. దూరం నుంచే మెల్లగా ఒంగుతూ రావాలి" అని ఇంజనీరు పెన్సిలుతో ఒక వంపు గీశాడు. ఆ వంపు నెలవంక అంచులా వచ్చి ఆమె పెరటి మూలను పన్నెండు అడుగులు కోసుకుపోయింది. ఆ మూలలో రేకుల షెడ్డుంది. మామగారు లారీ నిలుపుకునే షెడ్డు. ఆయన పోయాకే ఆమె ఈ ఇంటికి కోడలుగా వచ్చింది. లారీ అప్పటికే అమ్మేశారు. ఒక నూనె పీపా, ఒక బోడి టైరు, ఎన్ని వానలు కురిసినా పోని డీజిలు వాసన మాత్రం మిగిలాయి. ఇంకొకటి కూడా ఉంది. పెరటి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టే చెక్క దిమ్మె. మామగారు బండి జారకుండా చక్రం కింద పెట్టేవారట. పొద్దున్నే హడావిడిలో ఆమె కాలి వేలు దానికి తగలని రోజు లేదు. తీసి పారేస్తానంటే అత్తగారు ఊరుకోలేదు.

పెరడు అత్తగారి పేరు మీదుంది.

"లారీ కట్టించిన ఇల్లిది" అంది అత్తగారు పాలు వడపోస్తూ. "ఒక్క రైలుపెట్టెలో ఆరు లారీల సరుకు పడుతుందని నువ్వేగా చెప్పావు. ఆరు లారీలంటే ఆరుగురి కూడు. వాళ్ళ నోటి దగ్గరది లాక్కోవడానికి ఆయన షెడ్డే దొరికిందా నీకు?"

ఆమె దగ్గర జవాబుంది. కానీ ఇప్పటికి పదిసార్లు చెప్పింది. చెప్పనిది ఒకటుంది. ఈసారి కూడా తిరిగొస్తే యజమానులు ఫ్యాక్టరీని రైలు లైను పక్కన ఇంకో ఊరికి మార్చేస్తారని మేనేజరు ఆమెతో గుట్టుగా అన్నాడు. రెండు వందల పది మంది పని అది, తనతో కలిపి. ఆ మాట అంటే అత్తగారు ఇప్పుడే పెట్టేస్తుంది. కానీ నలభై ఒక్కరిలో ఎవరినీ ఆమె భయపెట్టి పెట్టించుకోలేదు. ఇంట్లో మనిషిని భయపెట్టడానికి మనసొప్పలేదు.

రేపు మధ్యాహ్నంతో గడువు ముగుస్తుంది. పొద్దున మొదటి బస్సుకి ఫైలు తీసుకుని ఆమే వెళ్ళాలి.

టిఫిను డబ్బా మూత పెడుతుండగా మేనేజరు ఫోను చేశాడు. మన లైను తమ లైనుతో కలపడానికి గూడ్సు యార్డువాళ్ళు ఒప్పుకున్నారట, ఉత్తరం తెచ్చుకోమని. "ఇంట్లో సంతకం ఏమైంది సైడింగమ్మా? ఊరంతా గెలిచి ఇంట గెలవలేదా?"

"ఇంకా ప్రచారంలోనే ఉన్నానండీ" అంది.

"స్టేషను వైపేనా?" అంది అత్తగారు. "నా కళ్ళజోడు కాడ ఊడింది. ఆ సందులోనే కదా కొట్టు. నన్నూ స్కూటరెక్కించుకో. కాగితం మాటెత్తితే మాత్రం దిగిపోతా."

కాగితం మాట ఎత్తలేదు. కాడ బిగించుకున్నాక ఇద్దరూ యార్డుకి వెళ్ళారు. ఉత్తరం మీద ముద్ర పడాలంటే పావుగంట ఆగమన్నారు. ఎండ వేడికి నీడ వెతుక్కుంటూ పట్టాల దాకా నడిచారు.

పద్దెనిమిదేళ్ళలో వ్యాగను అనే మాట ఆమె ఎన్ని వేలసార్లు టైపు చేసిందో. దాని పక్కన నిలబడడం ఇదే మొదటిసారి. ఇంత ఎత్తుంటుందని కాగితాలు చెప్పలేదు. గోడలా ఉంది. తుప్పు రంగు ఇనుము, పిడికిలంత రివెట్లు. చక్రం ఆమె నడుము దాకా వచ్చింది. అంత బరువూ పట్టాను తాకుతున్న చోటు మాత్రం బొటనవేలి గోరంతే. ఆమె ఒంగి ఆ చోటునే చూస్తూ ఉండిపోయింది.

ఇద్దరు కూలీలు పొడుగాటి ఇనుప కడ్డీలతో వచ్చారు.

"ఏం చేస్తారు నాయనా దీన్ని?" అంది అత్తగారు.

"నాలుగు బారలు ముందుకి జరపాలమ్మా."

"ఇంజనేదీ?"

"ఇంతదానికి ఇంజనెందుకు? మేమిద్దరం చాలు."

"ఎంత బరువేమిటి?"

"సరుకుతో కలిపి ఎనభై టన్నులుంటుంది."

అత్తగారు నవ్వింది. వాళ్ళు నవ్వలేదు. కడ్డీల మొనలు చక్రాల వెనక దూర్చి, ఒక్క ఊపున నొక్కారు. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కారు. చక్రం జానెడు తిరిగింది. గోడంత ఇనుము ఏ చప్పుడూ లేకుండా, నిద్రలో పక్కకి ఒత్తిగిలిన మనిషిలా కదిలింది. ఇంకో నొక్కు. ఇక అదే నడిచింది. పక్కకి చూస్తే, అత్తగారు బిగించుకొచ్చిన కళ్ళజోడు పైకి తోసుకుని, నోరు కొంచెం తెరుచుకుని ఉంది. వ్యాగను ఆగగానే ముందుకెళ్ళి, గేదె పక్కను నిమిరినట్టు దాని మీద అరచెయ్యి ఆనించింది.

కూలీ ఒకడు చక్రం కింద చెక్క దిమ్మె పెట్టి మడమతో తన్నాడు.

అత్తగారు వంగి చూసింది. "ఏం చెక్కది?"

"తుమ్మమ్మా. వేరేదైతే పిప్పి అయిపోతుంది."

"అవును. మాదీ తుమ్మే." నడుం నిలబెట్టి అడిగింది. "దూరం పోయే రైళ్ళకి డ్రైవరుకి నిద్రొస్తే?"

"తన వాటా నడిపి దిగిపోతాడమ్మా. ఇంకొకడు ఎక్కుతాడు. బండి పోతూనే ఉంటుంది, వాడు వెళ్ళి పడుకుంటాడు."

"దిగిపోతాడా?"

"దిగిపోతాడు."

ముద్ర పడ్డ ఉత్తరం తీసుకుని స్కూటరు మీద ఇంటిదారి పట్టారు. వెనక కూర్చున్న అత్తగారు కోడలి భుజాన్ని ఎప్పటికన్నా గట్టిగా పట్టుకుంది.

సాయంత్రం వెలుగుండగానే నలుగురూ భోజనానికి కూర్చున్నారు. మనవరాలు కాలేజీలో ఎవరో జారిపడిన సంగతి చెబుతోంది. అత్తగారు పళ్ళెంలో వేళ్ళు ఆపింది.

"మీ నాన్న ఎలా పోయాడో నీకు చెప్పలేదు" అంది కొడుకుతో. "నువ్వు బళ్ళో ఉన్నావు."

కొడుకు తలెత్తాడు. "ఇంట్లోనే పోయారన్నావుగా."

"షెడ్డులో. ఐదు రోజులు సరైన నిద్ర లేకుండా తోలుకొచ్చాడు. బండి నిలిపి, చక్రం కింద దిమ్మె పెట్టి, టైరుకి వీపానించి కూర్చున్నాడు. టీ పెట్టవే, కాసేపు కళ్ళు మూసుకుంటానన్నాడు. టీ తెచ్చాను. నిద్రపోతున్నాడనుకున్నా. పాపం పడుకోనీలే అని గ్లాసు మీద మూత పెట్టి పక్కనే కూర్చున్నా. గంటసేపు ఈగలు తోలుతూ కూర్చున్నాను."

మనవరాలి చెయ్యి వెళ్ళి నాయనమ్మ మోకాలి మీద వాలింది. కోడలు ముద్ద తిరిగి పళ్ళెంలో పెట్టింది. ఇరవై రెండేళ్ళు ఆ షెడ్డు ముందే బట్టలు ఆరేసింది తను.

"ఊళ్ళ నుంచి గింజలు తెచ్చే లారీలు ఉంటాయన్నావుగా?" అంది అత్తగారు.

"ఉంటాయి అత్తయ్యా. దూరం సరుకే రైలెక్కుతుంది. ఇవి పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికొచ్చేస్తాయి."

"అది రాశావా నీ ఫైల్లో?"

"ఆరో పేజీలో ఉంది."

"మొదటి పేజీలో పెట్టు. ఆరో పేజీ దాకా ఎవడు చదువుతాడు?"

భర్తకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చి పొలమారింది. అత్తగారు అతని వైపు నీళ్ళు జరిపి, పెరుగు కావాలా అని అడిగే గొంతుతోనే అందరికీ చెప్పింది.

"సంతకం పెట్టేశాను. షెడ్డు ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పించుకోండి."

చెయ్యి కడుక్కుని తన గదిలోకి వెళ్ళిపోయింది. కోడలు లేచి ముందుగదిలోకి వెళ్ళింది. గ్రాంటు వస్తుందో రాదో, ఆ వంపు వెంట ఇనుము ఎన్నాళ్ళకి వస్తుందో ఎవరికి తెలుసు. అవతల పెరటి తలుపుకి ఎప్పుడూ లేంది గడియ వేసి ఉంది. ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా బల్ల మీద అంగీకారపత్రం, పాల మరక చుట్టూ వంకరగా తిరిగిన అక్షరాల సంతకం, దాని మీద బరువుగా ఆ తుమ్మ దిమ్మె, ముప్పై ఏళ్ళు చక్రం ఆనిన వైపు దోసిలిలా గుంట పడి.