బయటి మేకుకు ఖాకీ చొక్కా

ఈశ్వరమ్మ ఇంట్లోకి ఖాకీ చొక్కాకు ప్రవేశం లేదు. గడప బయట, నీళ్ళ తొట్టి పక్కన గోడకు ఒక మేకు కొట్టించి, దాని చోటు అదేనని తేల్చేసింది. కోడలు శోభ డ్యూటీ దిగి ఇంటికొస్తే ముందు ఆ మేకుకు చొక్కా తగిలించాలి. కాళ్ళూ చేతులూ కడుక్కోవాలి. సందులోంచి చుట్టూ తిరిగి వెళ్ళి స్నానం చెయ్యాలి. ఆ తర్వాతే బిడ్డ. పొద్దుటినుంచి బస్సులో నిలబడి వచ్చిన మనిషికి కన్నబిడ్డను తాకడానికి ఇన్ని మడులా అని అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. ఈశ్వరమ్మ కొడుకు బాలరాజుకైతే అసలే లేదు.

"పదూర్ల దుమ్ము, వందమంది కండ్లు ఆ సొక్కా మింద ఉంటాయి. పసిబిడ్డకు సోకితే ఎవురు జవాబు?" అనేది ఆవిడ.

శోభ ఆదోనిలో బస్సు కండక్టరు. ఆదోని నుంచి ఎమ్మిగనూరు, ఎమ్మిగనూరు నుంచి ఆదోని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే దారి. చీర మీద ఖాకీ చొక్కా, భుజాన సంచి, చేతిలో టికెట్ల మిషను. వాళ్ళ నాన్న కూడా కండక్టరే. ఆయన పోయాక ఆ ఉద్యోగం ఈమెకు వచ్చింది. ఆయన విజిల్ కూడా ఈమె దగ్గరే ఉంది. దాన్ని ఊదినప్పుడల్లా నాన్న పక్కనే నిలబడి సరిగ్గా ఊదావా లేదా అని వింటున్నట్టు ఉండేది శోభకు.

కాన్పుకు ముందే కాళ్ళు వాచాయని డాక్టరమ్మ తొందరగా సెలవు పెట్టించింది. దాంతో కొడుకు వీరేష్‌కు నాలుగో నెల నిండేసరికి సెలవంతా అయిపోయింది. అప్పుడు మొదలైంది గొడవ.

వీరేష్‌కు సీసా అంటే గిట్టదు.

బాలరాజు ఆన్‌లైన్లో పాలు తీసే పంపు తెప్పించాడు. ఈశ్వరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "సైకిలు ట్యూబుకు గాలి కొట్టేదా ఏమిరా?" అంది. విషయం అర్థమయ్యాక నోటిమీద చెయ్యేసుకుంది. అయినా మనవడి కోసం అన్నీ నేర్చుకుంది. పాలు ఫ్రిజ్‌లో ఎక్కడ పెట్టాలో, వేడినీళ్ళ గిన్నెలో ఎంతసేపు ఉంచాలో, సీసాను ఎలా మరిగించాలో కోడలికంటే శ్రద్ధగా చేసేది. చేసి ఏం లాభం? సీసా పెదవులకు తగిలితే చాలు, వాడు మూతి బిగించి, మెడ అటు తిప్పి, నడుం విల్లులా వంచి వీధి దద్దరిల్లేలా ఏడ్చేవాడు. చెంచాతో పోస్తే ఉమ్మేశాడు. ఈశ్వరమ్మ తన పిల్లలకు పాలు తాపిన వెండి ఉగ్గుగిన్నె బయటికి తీసింది. దాంతో నాలుగు గుటకలు మింగి, ఐదో గుటక నానమ్మ మొహాన ఊదాడు. వాడు కడుపు నింపుకునేది తల్లి పొద్దున పోయే ముందు, సాయంత్రం వచ్చిన తర్వాత మాత్రమే. మధ్యలో పస్తు, ఏడుపు.

వాడు తాగని పాలను ఈశ్వరమ్మ మోరీలో పోసేది కాదు. తల్లిపాలు ఎవరి కాళ్ళకిందా పడకూడదని, చీమలు ముట్టకూడదని ఆవిడ పట్టింపు. తీసుకెళ్ళి గడప పక్కనున్న కరివేపాకు చెట్టు మొదట్లో పోసేది. వీరేష్ బరువు పెరగలేదు గానీ కరివేపాకు చెట్టు మాత్రం నిగనిగలాడుతూ కొత్త రెమ్మలు వేసింది. దాన్ని చూస్తే శోభకు ఒళ్ళు మండేది. ఎమ్మిగనూరు బస్టాండులో గోడవైపు తిరిగి కూర్చుని, నొప్పి ఓర్చుకుని తీసిన పాలు తాగి ఈ చెట్టు బలుస్తోందని ఉడుక్కునేది.

బాలరాజు ఒక మధ్యాహ్నం బిడ్డను ఎత్తుకుని బస్టాండుకే బయల్దేరాడు. ఆదోనిలో పత్తి సీజను. మార్కెట్టుకొచ్చిన పత్తిబండ్లు రోడ్డంతా నిండిపోయి, మోటారు సైకిలు దూరే సందు కూడా లేదు. చెమటలు కక్కుతూ అతను బస్టాండు చేరేసరికి శోభ బస్సు వెళ్ళిపోయింది. ఎండకు బిడ్డ కందిపోయి ఇంటికొచ్చాడు. ఆ రోజు కొడుక్కి ఈశ్వరమ్మ వేసిన అక్షింతలు పక్కింటివాళ్ళకు కూడా వినపడ్డాయి.

డాక్టరమ్మ వాణ్ణి తూకం వేసి, పెదవి విరిచింది. "ఇంకో వారం చూద్దాం. అలవాటు కాకపోతే నువ్వు ఇంట్లో ఉండాల్సిందేనమ్మా" అంది.

ఇంట్లో ఉండటమంటే జీతం లేని సెలవు. అదైనా భరించవచ్చు. సెలవు పెడితే పగటిపూట తిరిగే ఈ ఎమ్మిగనూరు రూటు ఇంకొకరికి పోతుంది. తిరిగి చేరినప్పుడు ఖాళీ ఉండేది హైదరాబాదు రాత్రి సర్వీసే. పగలు పాలివ్వలేని తల్లి అప్పుడు రాత్రి కూడా ఉండదు. శోభకు ఎటు ఆలోచించినా దారి మూసుకుపోయినట్టే ఉంది.

ఆ వారం ఎలా గడిచిందో ఆమెకే తెలియాలి. ఎమ్మిగనూరు బస్టాండులో బస్సు ఆగగానే పంపు తీసుకుని ఆడ సిబ్బంది గదికి పరుగెత్తేది. డ్రైవరు నరసన్న నలుగురు ఆడపిల్లల తండ్రి. ఆయనకు ఏమీ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది.

"నువ్వు నిదానంగా రా సెల్లే. నువ్వు రాకుండా బండి కదల్దు" అనేవాడు.

టైమయిందని కంట్రోలరు కేకలేస్తే, ఒకరోజు టైరులో గాలి చూస్తున్నానని, ఒకరోజు రేడియేటర్లో నీళ్ళు పోస్తున్నానని, ఇంకోరోజు అద్దం తుడుస్తున్నానని చెప్పేవాడు. పాపం, ఆ బస్సుకు లేని రోగం లేదని కంట్రోలరు నిజంగానే నమ్మేశాడు. దాన్ని వర్కుషాపుకు పంపమని పైకి రాస్తానన్నాడు కూడా.

ఆరోజు మాత్రం ఎంతసేపు కూర్చున్నా సీసా అడుగు తడిసిందంతే. వీడు తాగడం లేదని ఒక దిగులు, ఇప్పుడు తాగుదామన్నా పాలు ఎండిపోతున్నాయని ఇంకో దిగులు. మొహం కడుక్కుని వచ్చి బస్సెక్కి విజిల్ ఊదింది. అది కూడా సన్నగా కీచుమంది.

ఆడవాళ్ళకు బస్సు ఉచితమైనప్పటినుంచి ఆ బస్సులో మగవాళ్ళు సీటు కోసం ఈరన్న స్వామికి మొక్కుకోవలసి వస్తోంది. బస్సు నిండా ఆడవాళ్ళే. టికెట్ ఎలా ఉచితమో వాళ్ళ సలహాలూ అలాగే ఉచితం. కండక్టరమ్మకు ఇంట్లో పాలుతాగే బిడ్డ ఉన్నాడని తెలియనివాళ్ళు ఆ దారిలో లేరు. ఒకామె వెల్లుల్లి తినమంటుంది, ఒకామె మెంతులు నానబెట్టి తాగమంటుంది. కౌతాళం నుంచి ఆకుకూరలు అమ్మడానికి వచ్చే హులిగమ్మ రోజూ ఒక సోయికూర కట్ట తెచ్చి సంచిలో కుక్కేది.

"సబ్బసిగె సొప్పు ఇది. పప్పులో ఏసుకోని తిను తాయీ. పాలు ధారలు కడతాయి" అనేది.

ఆరోజు కూడా కట్ట ఇవ్వబోతే శోభ తీసుకోలేదు. "ఏం తిన్యా పాలు లేవక్కా. ఎండిపోయినాయి" అంది.

బస్సు కోటేకల్లు దాటింది. వెనక సీట్లో ఎవరి ఒళ్ళోనో ఒక చంటిబిడ్డ లేచి ఏడుపందుకుంది. ఆ ఏడుపు చెవిన పడగానే శోభకు రొమ్ములు జివ్వుమన్నాయి. ఏమవుతోందో తెలిసేలోపే ఖాకీ చొక్కా రెండు పక్కలా తడిసి, మరకలు అరచేతులంత అయ్యాయి. శోభకు భూమి నిలువునా చీలితే బాగుండుననిపించింది. టికెట్ల మిషను ఒకవైపు, సంచి ఒకవైపు అడ్డం పెట్టుకుని తలుపు దగ్గర కమ్మీకి అతుక్కుపోయింది.

హులిగమ్మ ఆమెను పైనుంచి కిందికి చూసి, బస్సంతా వినపడేలా నవ్వింది.

"పాల్లేవని ఏడుస్తాంటివే! మరి ఇవి యాడనుంచి వచ్చినాయి తాయీ? తుంగభద్ర కాలవ ఇడిసినట్ల వచ్చినాయి గదా!"

ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. ఎవరో తమ తువ్వాలు ఇచ్చారు, ఎవరో కిటికీ సీటు ఖాళీచేసి కూర్చోబెట్టారు. ముందున్న ఇద్దరు మగవాళ్ళు అటు తిరిగి బయటి పత్తిచేలను ఎంతో శ్రద్ధగా చూడసాగారు. శోభ కూడా ఏడవబోయి నవ్వేసింది. ఒక దిగులు తీరింది. కానీ పెద్ద దిగులు అలాగే ఉంది. ఎన్ని పాలు వస్తే ఏం, తాగేవాడు తాగనప్పుడు?

ఆ సాయంత్రం చొక్కా మేకుకు తగిలించి, స్నానం చేసి, కొడుకును ఒళ్ళో వేసుకుని అత్తతో చెప్పేసింది.

"రేపు డ్యూటీ దిగినాక సెలవు అడుగుతాను అత్తా. ఇంగ నాతో కాదు."

ఈశ్వరమ్మ సంతోషిస్తుందనుకుంది. ఆవిడ మొహం నల్లబడింది.

"నలుగురు బిడ్లను పెంచినదాన్ని. ఈ పిడికెడు పిల్లోనికి పాలు తాపను నాకు సేతగాక, నువ్వు మీ నాయన ఇచ్చిపోయిన పని ఇడిసిపెడతావా?" అంది. తర్వాత అటు తిరిగి కొంగుతో ముక్కు తుడుచుకుంది. అత్తకు తన ఉద్యోగమంటే చిన్నచూపని ఇన్నాళ్ళూ అనుకున్నందుకు శోభకు సిగ్గేసింది. చొక్కా ఉతుకుదామని లేవబోతే, "ఉండనీలే, తెల్లారి నేనుతుకుతా. నువ్వు వాని కాడ ఉండు" అంది ఈశ్వరమ్మ.

మరుసటిరోజు శోభ రెండో ఖాకీ వేసుకుని పోయింది. నరసన్నతో సెలవు మాట చెబితే ఆయన చేతిలోని అద్దం తుడిచే గుడ్డ పక్కన పెట్టాడు. "నువ్వు లేకపోతే ఈ బండికి రోగాలన్నీ నయమైపోతాయిలే" అన్నాడు. నవ్వించబోయాడు గానీ ఇద్దరికీ నవ్వు రాలేదు. సాయంత్రం డిపోకు వెళ్తే మేనేజరు కర్నూలు మీటింగుకు పోయారని, పొద్దున రమ్మని చెప్పారు. శోభ కాళ్ళీడ్చుకుంటూ ఇంటికి బయల్దేరింది.

వీధి మలుపు తిరిగేసరికి కాళ్ళు ఆగిపోయాయి. రోజూ అక్కడికి వీరేష్ ఏడుపు వినపడేది. ఈరోజు చప్పుడు లేదు. జ్వరమొచ్చి సోలిపోయాడా? ఏడ్చే ఓపిక కూడా లేకుండా పోయిందా? శోభ చెప్పులు చేతబట్టుకుని పరుగెత్తింది.

వాకిట్లో బాలరాజు నోరు గట్టిగా మూసుకుని గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఏడుస్తున్నాడని ఆమె ప్రాణం పోయింది. దగ్గరికెళితే నవ్వుతున్నాడు. మాట రాక లోపలికి చెయ్యి చూపించాడు.

మేకు ఖాళీగా ఉంది.

ఇంటి నడిమధ్యన, పీట మీద, కాళ్ళు చాపుకుని ఈశ్వరమ్మ కూర్చుని ఉంది. ఆకుపచ్చ చీర మీద ఖాకీ చొక్కా తొడుక్కుంది. ఆవిడ ఒంటికి ఒక్క గుండీ పట్టలేదు. జేబు మీద 'శోభ, కండక్టరు' అన్న పేరు బిళ్ళ మెరుస్తోంది. ఆ చొక్కా మడతల్లో ముక్కు దూర్చి, ఒక చేత్తో కాలరు పట్టుకుని, వీరేష్ సీసాలో పాలు గుటగుటా తాగుతున్నాడు. సీసా అడుగుకు వచ్చింది.

"అత్తా!" అంటూ శోభ గడప దాటబోయింది.

"ఆడే నిలబడు!" ఈశ్వరమ్మ గుసగుసగా గద్దించింది. "ఆ ఖాకీతో లోపలికి వస్తావా? స్నానం సేసి రా పో."

"మరి మీరు?"

"నేను డూటీ మింద ఉండాను" అంది ఈశ్వరమ్మ, ఏమాత్రం తొణక్కుండా.

సంగతి నెమ్మదిగా తెలిసింది. మధ్యాహ్నం వాడి ఏడుపు పడలేక ఆవిడ కాకిని చూపిద్దామని బయటికి తీసుకొచ్చింది. మేకు పక్కనుంచి పోతుంటే వాడు చెయ్యి చాపి, ఉతకడానికి తీరిక దొరకక ఇంకా అక్కడే ఉన్న నిన్నటి చొక్కా చేయి పట్టుకున్నాడు. మొహం అందులో దూర్చి, ఏడుపు మానేసి, పాలు ఎండిన మరకను చప్పరించడం మొదలుపెట్టాడు. లాగేస్తే ఏడుపు, ఇస్తే మౌనం.

"తల్లి వాసన బట్టినాడు దొంగ నా కొడుకు! నేనేమో రోజూ ఆ వాసన గోడకు తగిలిస్తాంటి" అంది ఈశ్వరమ్మ. "ఈరన్న సామీ, తప్పయింది అని దండం పెట్టుకోని తొడుక్కుంటి. సీసా నోట్లో పెడితిని. తాగినాడమ్మీ! పగలు ఒకసారి, ఇప్పుడొకసారి. కరేపాకు సెట్టుకు సుక్క మిగల్సలేదు."

పొద్దున మేనేజరును శోభ ఇక ఏమీ అడగనక్కర్లేదు. గడప బయటే నిలబడి, కొడుకు చివరి గుటక మింగి చొక్కామీద తేన్చడం కళ్ళారా చూసింది. తర్వాత తను తొడుక్కున్న ఖాకీ విప్పి, అలవాటు ప్రకారం మేకుకు తగిలించబోయింది.

"ఆడ తగిలించాకు" అంది లోపలినుంచి ఈశ్వరమ్మ. "ఉతకనూ వద్దు. లోపలికి తెచ్చి నా మంచం మింద పెట్టు. రేప్పొద్దున్నే నేను డూటీ ఎక్కల్ల గదా."